ఉడుతడి నుండి కదళీవనమునకు

శ్రీశైలయాత్రకు జనులు ఎప్పుడును గుంపులుగనే వెడలుదురు. ఉగాది సమీపించినంతనే కన్నడసీమ నుండి మల్లన్న భక్తులు వేలకొలదిగా కాలినడకను నల్లమలను దాటి వచ్చుట నేటికిని కొనసాగుచున్న ఆచారము. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణమునందు చిత్రించినదియు ఇట్టి జనప్రవాహమునే. అడవిత్రోవ, నిట్టనిలువు కొండలు, మృగభయము, చోరభయము. వీటికి విరుగుడు పదిమంది తోడే యని యెరిగి పెద్దలు ఆ పద్ధతిని ఏర్పరచిరి. అట్టి త్రోవను 12వ శతాబ్దియందు ఒక యువతి ఒంటరిగా నడచెను. తోడు లేదు, బండి లేదు, దారిబత్తెము లేదు, కట్టుబట్టయు లేదు. ఆమెయే అక్కమహాదేవి. ఆమె భక్తిని గూర్చియు వైరాగ్యమును గూర్చియు చెప్పినవారు పెక్కుమంది కలరు. ఆ నడకకు కావలసిన ధైర్యము ఆమెకు ఎట్లు, ఎంత క్రమముగా అలవడినదో విచారించినవారు తక్కువ. పుట్టుకతోనే నిర్భయురాలని చెప్పి ఊరకుండుట సులభము. కాని ఆమె చరిత్ర అట్లు చెప్పుట లేదు.

ఆ చరిత్రను మనకు తెలుపునవి ముఖ్యముగా మూడు గ్రంథములు. సుమారు 1200 ప్రాంతమున హరిహరకవి రచించిన మహాదేవియక్కన రగళె వానిలో ప్రాచీనము. ఆమె గతించిన తరువాత ఎక్కువకాలము గడువక మునుపే పుట్టినది గనుక దానికి విలువ హెచ్చు. విజయనగర ప్రభువగు ప్రౌఢదేవరాయల కాలమున, అనగా 1424 నుండి 1446 వరకు సాగిన పాలనలో, చామరసు ప్రభులింగలీలను వ్రాసెను. దీనిని పిడుపర్తి సోమనాథుడు తెలుగునకు తెచ్చుటచే ఆంధ్ర వీరశైవులకు అక్కకథ ఇంటింటి కథయైనది. మూడవది, 15వ శతాబ్దియందు మొదట శివగణప్రసాది మహాదేవయ్య కూర్పగా పిమ్మట మరి ముగ్గురు విస్తరించిన శూన్యసంపాదనె. ఈ మూడును అన్ని విషయములందును ఏకీభవింపవు. ఎక్కడ ఏకీభవింపవో అచ్చటనే మనము నిలిచి ఆలోచింపవలసిన అంశములున్నవి.

ఆమె జన్మస్థలము ఉడుతడి. నేడు దానిని ఉడుగణి యందురు. కర్ణాటకమునందు శివమొగ్గ జిల్లా శికారిపుర తాలూకాలోనిది. ఆ తాలూకాలోనిదే బళ్లిగావి. ఆ కాలమున అది సామాన్యమైన ఊరు కాదు. కేదారేశ్వరాలయము, దానిని అంటియున్న కాళాముఖుల కోడియమఠము దేశమంతట పేరు పొందినవి. 1162 నాటి శాసనము ఒకటి ఆ మఠమును వర్ణించుచు, దీనులకును, కుంటి గ్రుడ్డివారికిని, నానాదేశముల నుండి వచ్చు భిక్షుకులకును, అన్యమతస్థులగు సన్యాసులకును అచ్చట అన్నము దొరకుననియు, రోగులకు చికిత్స జరుగుననియు చెప్పుచున్నది. ఆ ప్రాంతపు దారులందు బాటసారుల రాకపోకలకు కొదవ లేదు. జంగములు, జైనమునులు, కథకులు, గాయకులు, వర్తకులు నిత్యము సంచరించుచుండిరి. బాల్యము నుండి మహాదేవి ఇట్టి వారిని చూచుచు పెరిగియుండును. చేత చిల్లిగవ్వ లేక ఒక జోలెతో దేశమంతయు తిరుగు మానవులు కలరను సంగతి ఆమెకు వినికిడి కాదు, వీధివాకిట కనుపించు దృశ్యము.

అయితే ఆ బాటసారులలో ఒంటరి స్త్రీ లేదు. వర్తకులు సైతము ఒంటరిగా పోయెడివారు కారు. అయ్యావళి ఐనూర్వరు అను ప్రసిద్ధ వర్తకసంఘమువారు సరకులను ఎద్దులపైని గాడిదలపైని వేసి ఆయుధములు ధరించిన భటులను వెంటబెట్టుకొని బిడారులుగా సాగుచుండిరి. ధనము గల మగవారికే అంత రక్షణ కావలసివచ్చిన దారి యది. దీనిని మరచినచో మహాదేవి చేసిన పని ఎంతటిదో అంచనాకు అందదు.

తలిదండ్రులు శివభక్తులు. వారి పేర్లు నిర్మలుడు, సుమతి యని తరువాతి సంప్రదాయము. చిన్ననాడే గురువు ఆమెకు లింగదీక్ష నొసగెను. ఆ నాటినుండియు ఆమె మనస్సున నిలిచిన మూర్తి చెన్నమల్లికార్జునుడు. అనంతరకాలమున ఆమె పలికిన వచనములందు ముద్రగా నిలిచిన నామమును అదియే. ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. బసవేశ్వరుని ముద్ర కూడలసంగమదేవుడు. ఆ సంగమక్షేత్రమున ఆయన పెరిగెను, చదువుకొనెను. మహాదేవి ముద్రలోని దేవుడు మాత్రము ఆమె కన్నెరుగని కొండపై, నదుల కావల, అడవుల నడుమ ఉన్నవాడు. ప్రతిదినము ఆ పేరు తలచుటయనగా ప్రతిదినము ఆ దూరమును తలచుటయే. కాలు కదలుటకు ఎన్నియో యేండ్లకు ముందే ఆమె మనస్సు ఆ త్రోవను నడచుట మొదలిడెను.

ఆ దేశపు ప్రభువు కౌశికుడు. ఒకనాడు ఊరేగుచు ఆమెను చూచి మోహించెను. అతడు భవి. కన్యనిమ్మని కబురంపెను, ఈయనిచో తలిదండ్రులకు కీడు తప్పదని బెదరించెను. ఇంతవరకు కథ అందరును ఒక్కటిగనే చెప్పుదురు. ఆ పైని రెండు దారులు చీలును. హరిహరుని కథలో మహాదేవి అతనిని వరించి అంతఃపురమున ప్రవేశించెను. చామరసు కథలో ఆమె కోటలో అడుగిడినను వివాహమునకు సమ్మతింపక, అచ్చటనే సర్వమును త్యజించి వెడలిపోయెను. భక్తులలో చాలమందికి రెండవ కథయే రుచించును. అక్కను ఒక భవి భార్యగా తలచుటకు మనసొప్పదు. కాని కాలముచే సమీపమైనది హరిహరుని కథ. పైగా, ధైర్యము విషయమున దానికే బలమెక్కువ. ఒక్కసారిగా తలుపు తెరచుకొని పోయినదానికంటె, తలుపు లోపల కొంతకాలము నిలిచి, లెక్క చూచుకొని, పిమ్మట వెడలినదాని నడకయే దృఢముగా నుండును.

ఆ లెక్క యేమనగా, ఆమె కౌశికునకు నియమములు విధించెను. తన ఇష్టానుసారము శివపూజ చేసికొనుటకును, మాహేశ్వరుల గోష్ఠిలో నుండుటకును, గురుసేవ చేయుటకును అడ్డు రాకూడదు. మూడు తప్పుల వరకు సహించును. ఆ పైని అతని యింట నుండదు. రాజు అంగీకరించెను. తలిదండ్రులను కాపాడుటకు ఆమె చేయగలిగినది అంతే. కాని బందీయై లోపలికి పోవుచు కూడ వెలికివచ్చు త్రోవను తానే ఏర్పరచుకొని పోయినదని గ్రహింపవలెను. కౌశికుడు ఒక్కొక్కటిగా మూడు మాటలును తప్పెను. ఒకమారు ఇంటికి వచ్చిన మాహేశ్వరులను ఆమెకు తెలియనీయక త్రిప్పి పంపెను. వేరొకమారు పూజలో నుండగా మోహముచే భంగము కలిగించెను. కడపట గురువు వచ్చినప్పుడు ఆమె త్వరితముగా లేచి మ్రొక్కబోవగా, ఇంతటి భక్తురాలికి వస్త్రమెందుకని ఎగతాళి చేసి కట్టుబట్టను లాగెను. మూడు తప్పులును నిండెను.

ఏ వస్త్రమును లాగి ఆమెను అవమానింపదలచెనో ఆ వస్త్రమును ఆమె అతనికే వదలివైచెను. నగలను, రాజగృహమును విడిచెను. నిడుపైన కేశములే ఆమె దేహమును కప్పెను. బట్ట లేకుండుట శరణధర్మము కాదు. బసవాదులు దానిని ఎవరికిని విధింపలేదు. మహాదేవి విషయమున దానిని వ్రతముగా గాక ఒక సమాధానముగా చూడవలెను. స్త్రీని ఇంట కట్టిపడవేయునది గోడ కాదు. బయట ఎవరైన చూచెదరను, ఏమైన ననెదరను భయమే. ఆ భయమునకు ఆధారమైన వస్తువును ఆమె తొలినాడే పారవైచెను. ఆ పిమ్మట దారిలో ఆమె నుండి లాగుకొనుటకు ఎవరికిని ఏమియు మిగిలియుండలేదు. అయ్యావళి వర్తకులకు భటులు కావలసివచ్చినది మూటలుండుటచేతనే కదా.

పురాతన భక్తులలో ఒంటరిగా నడచిన స్త్రీ మరియొకరు కలరు. అరువదిమూవురిలోని కారైక్కాల్ అమ్మైయార్. భర్త ఆమెను దైవముగా నెంచి విడిచిపోగా, సౌందర్యము గల ఈ దేహముతో తనకు పని లేదని శివుని ప్రార్థించి, మాంసము రాలిన పిశాచరూపమును పొంది, కైలాసమునకు తలక్రిందుగా చేతులపై నడచినదని 12వ శతాబ్దియందే శేక్కిళార్ తమిళమున పెరియపురాణములో చెప్పెను. ఆ తల్లికి దారి దొరకుటకు రూపము పోవలసివచ్చెను. మహాదేవి రూపము మార్చుమని ఎవరిని వేడలేదు. ఏ దేహమును చూచి కౌశికుడు మోహించెనో ఆ దేహముతోడనే, ఆ వయస్సుననే, జనులు తిరుగు దారినే పట్టి పోయెను. రెండిటిలో ఏది గొప్ప యని తూచుట మన పని కాదు గాని, ఏది కష్టమో తెలియుచునే యున్నది.

ఇక దారి. మూటలు లేనివారికి దొంగభయము లేకపోవచ్చును. ఆకలి మాటయేమి? దప్పి, నిద్ర, తోడు మాటయేమి? ఒంటరి ప్రయాణమును తలచినప్పుడు ఎవరికైనను కలుగు భయములు కడకు ఈ నాలుగే. మహాదేవి వీటిని లేవని బుకాయింపలేదు. ఒక్కొక్కదానికి సమాధానమును వెదకి పెట్టుకొనెనని ఆమె వచనములు తెలుపుచున్నవి. ఆకలికి ఊరిలోని భిక్ష. దప్పికి చెరువులు, వాగులు, బావులు. నిద్రకు పాడుపడిన గుళ్లు. మనస్సునకు తోడు చెన్నమల్లికార్జునుడు. నాలుగింటిలో మూడు లౌకికమైన ఏర్పాట్లే యగుట చూడదగినది. దేవుడే అన్నము పెట్టునని ఆమె కూర్చుండలేదు. భిక్షుకుని త్రిప్పి పంపని గృహస్థులు ప్రతి ఊరనుండిరి. వానకు నిండు చెరువులు ఆ సీమలో ఊరూర కలవు. చాళుక్యుల కాలపు గుళ్లకు కొదవ లేదు. దేశమును తెలిసినదానివలె ఆమె ఆలోచించెను. దేవుని అడిగినది దేశము ఈయలేని నాలుగవదానిని మాత్రమే.

భిక్ష యెత్తుటయు సులభము కాదు. శెట్టియింట పుట్టి రాజగృహమున మెలగినదానికి పరుల వాకిట నిలిచి చేయి చాచుట తొలిదినముననే వచ్చు విద్య కాదు. చాచిన చేతిలో ఏమియు పడని దినములను కూడ తనకు మేలు చేయునవిగా భావింపవలెనని, పడినది సైతము నేలపాలైనను మేలేయని, తన దేవుని ఆమె వేడుకొనెను. అహంకారము ఆకలితో గాని చావదని ఆమె తాత్పర్యము. ఇది ఇంట కూర్చుండి చెప్పిన వేదాంతము కాదు. కడుపు కాలినవారు చెప్పిన మాట.

ఆమె నడచిన దూరమెంత? ఉడుతడికిని శ్రీశైలమునకును నడుమ సరళరేఖలో కొలిచినను 400 కిలోమీటర్లకు పైబడును. హరిహరుని కథలో ఆమె తిన్నగా శ్రీశైలమునకే పోయెను. శూన్యసంపాదనె మొదలగు తరువాతి గ్రంథములందు ముందుగా కల్యాణమునకు పోయి అచ్చటినుండి శ్రీశైలమునకు వచ్చెను. వీరశైవలోకము నమ్మునది ఈ రెండవదానినే. కల్యాణమనగా నేటి బసవకల్యాణము, బీదరు జిల్లాలోనిది, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనుండి నేడు తెలంగాణ సరిహద్దునకు చేరువగా నున్నది. ఉడుతడి నుండి కల్యాణమునకు ఉత్తరముగా 400 కిలోమీటర్లకు మించును. అచ్చటినుండి ఆగ్నేయముగా శ్రీశైలమునకు సుమారు 280. అనగా కల్యాణము ఆమె దారిలోని మజిలీ కాదు. దానిని చూడవలెనన్న దాదాపు 300 కిలోమీటర్లు అధికముగా నడవవలెను. దినమునకు 20 కిలోమీటర్లు నడచినను, వంపులను ఎక్కుడు దిగుడులను లెక్కింపకయే, అది 15 దినముల అదనపు నడక. త్రోవలో కృష్ణయు భీమయు అడ్డము. వేసవిని కాలినడకను దాటు రేవులుండును. వరదకాలమున హరిగోలే గతి.

ఆ అదనపు నడకయే ఆమె స్వభావమును విప్పి చూపుచున్నది. ఒంటరిగా పోవువారు జనమును రోసినవారని లోకము తలచును. మహాదేవి జనమును రోయలేదు. తన వంటివారు ఎచ్చట కూడియున్నారో విని, అంత దూరము చుట్టు తిరిగి వారిని చూడబోయెను. నచ్చని తోడు వలదని విడిచినది గాని తోడే వలదనలేదు.

కల్యాణమున అప్పుడు బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భండారిగా నుండెను. ఆయన చుట్టును చేరిన శరణులలో చాకలి, మంగలి, మాదిగ, పడవవాడు, సాలెవాడు మొదలు బ్రాహ్మణుల వరకు అన్ని కులములవారును కలరు. స్త్రీలును పెక్కుమంది. నీలాంబిక, గంగాంబిక, అక్కనాగమ్మ, ముక్తాయక్క, ఆయ్దక్కి లక్కమ్మ, సత్యక్క మున్నగువారు వచనములు చెప్పినవారే. వచనకర్త్రులుగా లెక్కకు వచ్చు స్త్రీలు 30 మందికి పైగా నుందురు. అట్టి చోట తనకు చోటు దొరకునని మహాదేవి తలచుట సహజము. చోటు దొరకినది. కాని ప్రశ్నలు లేకుండ దొరకలేదు.

ఊరి వెలుపలనే కిన్నర బ్రహ్మయ్య ఎదురుపడెను. కన్నడమున కిన్నరి బొమ్మయ్య. బసవపురాణము చదివిన తెలుగువారికి ఈయన చిరపరిచితుడు. కిన్నెర వాయించి శివుని మెప్పించిన మహాభక్తుడు. ఈ వచ్చినది నిజమైన విరాగిణియా కాదా యని ఆయన పరీక్షింపబూనెను. ఆమె చలింపలేదు. కడకు ఆయనయే ఆమెకు మ్రొక్కి దారి చూపెను. శూన్యసంపాదనె ఈ ఘట్టమును ఆమె మహిమకు నిదర్శనముగా చెప్పును, నిజమే. అయినను వందల కిలోమీటర్లు క్షేమముగా నడచి వచ్చిన స్త్రీకి, చేరవలసిన ఊరి పొలిమేరనే, అదియు ఒక శరణుని వలననే, ఇట్టి పరీక్ష ఎదురగుట చదువువారి మనసునకు కొంచెము కష్టముగనే తోచును.

అనుభవమంటపమున అసలు పరీక్ష జరిగెను. శూన్యసింహాసనమున అల్లమప్రభువు కూర్చుండియుండెను. ఈయనయు బళ్లిగావివాడే, ఉడుతడికి ఇరుగుపొరుగు వంటివాడు. ఒకే తాలూకాలో పుట్టిన ఇద్దరు ఆ దూరదేశమున ఎదురెదుట నిలిచిరి. అల్లముడు మొగమాటము ఎరుగడు. నీ భర్త యెవరని అడిగెను. యౌవనమున నున్నదానికి ఈ సభలో పనియేమనెను. దేహాభిమానము పోయినదందువేని కేశములతో కప్పుకొనుట యెందులకని గట్టిగా పట్టెను. మహాదేవి ఉత్తరములు ఒక్కొక్కటియు శూన్యసంపాదనెలో చదువదగినవి. కప్పుకొనినది తన లజ్జచే కాదనియు, చూచువారి మనస్సు నొవ్వకుండుటకనియు చెప్పుట వానిలో ప్రసిద్ధము. ఆ ఉత్తరమున ఆమె స్థితి యేమో తెలిసిపోయెను. ఇల్లు విడిచిననాడు ఆమె తన భయమును జయింపవలసి యుండెను. కల్యాణమును చేరునప్పటికి ఇతరుల బలహీనతను గూర్చి జాలిపడు స్థితికి వచ్చియుండెను. నడుమ నున్నది నడకయే.

అల్లముడు సంతృప్తుడయ్యెను. బసవేశ్వరుడు, చెన్నబసవన్న, మడివాల మాచయ్య మున్నగువారు ఆమెను కొనియాడిరి. వయస్సున పెద్దలైన శరణులు సైతము ఆమెను అక్క యని పిలిచిరి. తెలుగునను కన్నడమునను ఆ మాటకు అర్థమొక్కటే. ఒకరి కూతురుగా గాని, ఒకరి భార్యగా గాని కాక, అందరికిని అక్కగా ఆమె నిలిచెను. సంఘములో ఒంటరి స్త్రీకి ఒక స్థానమును చూపుటకు కల్యాణమువారికి దొరకిన చక్కని పదమది. కల్యాణము ఆమెకిచ్చిన కానుకలలో ఇదియే మిన్న.

అచ్చటనే ఉండిపోవచ్చును. ఉండుమనినచో కాదనువారు లేరు. దాసోహమున అన్నము కలదు, సత్సంగము కలదు, రక్షణ కలదు. ఆమె ఇంతదూరము వెదకికొని వచ్చినదంతయు అచ్చటనే యున్నది. అయినను కొంతకాలమునకు మహాదేవి మరల బయలుదేరెను. చెన్నమల్లికార్జునుని కొండకు పోవలెనను తలపు ఆమెను విడువలేదు. శరణులు అనుమతించి సాగనంపిరి.

ఈ రెండు ప్రయాణములకు గల భేదము చిన్నది కాదు. ఉడుతడి నుండి వెడలునప్పుడు వెనుక కౌశికుడుండెను. ఉండుటకు వీలులేక వెడలినది. అట్టి బయలుదేరుటకు తెగువ చాలును. కాలిన కాలు దానంతట అదే లేచును. కల్యాణము నుండి వెడలునప్పుడు తరుమువారు ఎవరును లేరు. వెనుకనున్నది ప్రేమ, గౌరవము, తోబుట్టువుల వంటి జనము. వారిని విడిచి ఒంటరిగా అడవికి పోవుటకు తెగువ చాలదు. ఆమె అప్పటికి దారిని ఎరిగియుండెను, తన్ను తానెరిగియుండెను. కావుననే ఆ రెండవ బయలుదేరుటలో ఆవేశము కానరాదు. పుట్టినింటి నుండి మెట్టినింటికి పోవు కూతురివలె శరణులకు మ్రొక్కి, వారి దీవెనలు పొంది పోయెను. ఆమె భావమున ఆ పోలిక అక్షరాల నిజము. ఆమె పతి ఆ కొండపై నున్నవాడు.

శ్రీశైలమునకు నాలుగు ద్వారములు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. కల్యాణము దిక్కు నుండి వచ్చువారికి దగ్గరైనవి కడపటి రెండు. ఆమె ఏ ద్వారమున వచ్చినను నేటి తెలంగాణ నేలను త్రొక్కియే రావలెను. ఆ పిమ్మట నల్లమల. వెదురుపొదలు, టేకు, మద్ది, లోయలు, చిరుతలు, పులులు. చెంచువారు తప్ప మనుజులు అరుదు. ఊళ్లే లేనిచోట భిక్ష యెవరు పెట్టుదురు? దారి పొడవున ఆమెకు ఆధారమైన ఏర్పాటులలో మొదటిది ఇక్కడ పనికిరాదు. అడవి ఆమెకు క్రొత్త గ్రామమయ్యెను. చెట్లను, చిలుకలను, కోకిలలను, తుమ్మెదలను, హంసలను, నెమళ్లను పేరుపేరున పలుకరించి, నా దేవుని చూచితిరా యని అడుగుచు తిరిగెను. విరహవేదనతో కూడిన ఆ వచనములు కన్నడ సాహిత్యమున మిక్కిలి ప్రీతిపాత్రములు. అవి పిచ్చిదాని మాటలుగా కొందరికి తోచును. తోడులేని దారిలో తోడును కల్పించుకొనుట ఎరిగిన మనిషి మాటలుగా కూడ వానిని చదువవచ్చును.

శ్రీశైలమున సైతము వెనుకటి లోకము ఆమెను వెదకికొని వచ్చెనని హరిహరుడు చెప్పును. తలిదండ్రులు వచ్చిరి. కూతురి రూపమును చూచి కన్నీరు మున్నీరుగా విలపించిరి. ఆమె వారిని ఓదార్చి పంపెను. కౌశికుడును వచ్చెను, శివభక్తుని వేషము ధరించి. ఆనాటి బెదరింపు లేదు. పాదములపై బడి వేడికోలు. బెదరింపుకంటె వేడికోలును త్రోసిపుచ్చుటయే కష్టమని సంసారులెల్లరు ఎరుగుదురు. ఆమె అతనిని శపింపలేదు, అతనితో మరలిపోలేదు. హరిహరుడు ఈ ఘట్టమును క్లుప్తముగనే ముగించెను. ఆమెకు అప్పటికి అతడు భయము కాడు, పగ కాడు. దారిలో కనుపించిన ఒక మనిషి, అంతే.

కదళీవనమున ఆమె లింగైక్యము పొందెనని సంప్రదాయము. అప్పటికి ఆమెది చిన్న వయస్సే. అల్లమప్రభువు చరిత్రయు కదళియందే ముగియును. శికారిపుర తాలూకాలో మొదలైన రెండు దారులు నల్లమలలో కలిసినవి.

ఆమె చేత ఏ మూటయు లేకపోయినను మాటలు మాత్రము ఆమె వెంట నడచినవి. నేడు ఆమె పేర లభించు వచనములు సుమారు 430. యోగాంగ త్రివిధి యను చిన్న కృతియు ఆమెదే. తాళపత్రములందు మఠములలోను ఇండ్లలోను చెదరియున్న వచనసాహిత్యమును ఫ. గు. హళకట్టిగారు ఊరూర తిరిగి సేకరించి 1923లో వచనశాస్త్రసారము ప్రకటించిన పిమ్మటనే లోకమునకు వాని విలువ తెలిసెను. విజయపురమున 2003లో స్థాపింపబడిన కర్ణాటక మహిళా విశ్వవిద్యాలయమునకు తరువాత అక్కమహాదేవి పేరు పెట్టిరి. ఊరు విడిచి, బస్సెక్కి, తొలిసారి ఒంటరిగా చదువునకు వచ్చు పల్లెపడుచులు ఎందరో ఆ పేరున్న ద్వారమున లోపలికి పోవుచున్నారు. అక్క నడిచిన దారికిని వారి దారికిని పోలిక లేదనవచ్చును. కాని ఇంటివారి కన్నీరు, ఇరుగుపొరుగుల ప్రశ్నలు, తెలియని ఊరిలో తొలి రాత్రి, ఇవి వారికిని క్రొత్త కాదు.

శ్రీశైలమునకు పోవువారు కృష్ణలో పడవపై ఎగువకు సాగి, దరిదిగి కొంత కొండ యెక్కినచో అక్కమహాదేవి గుహలు చేరుదురు. 1980 దశకమున శ్రీశైల జలాశయము నిండిన తరువాత నది వెడల్పై పడవదారి సులువైనది. గుహల ముందర ప్రకృతి మలచిన పెద్ద రాతితోరణము కలదు. దాని నీడన వందమంది నిలువవచ్చును. లోపల, కొండగర్భమున, ఒక చిన్న శివలింగము. అక్క అచ్చటనే తపము చేసెనని భక్తుల విశ్వాసము. ఎంత పెద్ద గుంపుగా వచ్చినవారైనను అచ్చటికి పోవునప్పుడు గుంపుగా పోలేరు. లోపలి త్రోవ ఇరుకు, చిమ్మచీకటి. ఒక్కొక్కరే వంగి, చేతులతో రాతిని తడవుకొనుచు, ముందుకు జరుగవలెను.